ఎండుకట్టెలు తప్పకుండా

ఆగస్టు 12

చిట్టీ,

నీ ఉత్తరానికి ఇంకా జవాబివ్వకుండానే ఏకంగా ఇంత లావు కవరు పంపుతున్నానంటే ఏదో పని పడిందని ఈపాటికి కనిపెట్టే ఉంటావు. పని సంగతి తర్వాత. ముందు క్షేమాలు. నేను బాగానే ఉన్నాను. మీ అన్నయ్య గుండ్రాయిలా ఉన్నారు. మన అడితికే కొంచెం నలతగా ఉంది.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళేనాటికి ఊళ్ళో కట్టెలంటే మనమే. పొయ్యి వెలిగించాలన్నా, చలికి గది వెచ్చబెట్టుకోవాలన్నా అందరూ మన గేటు ముందుకే రావాలి. ఇప్పుడు వంతెన అవతల ఇంకో కట్టెల అడితి వెలిసింది. వాళ్ళకి రంగులేసిన లారీ ఉంది. అందులోంచి ఇస్త్రీ చొక్కా మనిషి దిగుతాడు. దిగగానే చేతులు కట్టుకుని, "అమ్మా, ఎక్కడ దింపమంటారు?" అని అడుగుతాడట. మన దగ్గరేమో మీ అన్నయ్య.

నిన్న రొట్టెల బట్టీ ఆయన వచ్చాడు. మన ఖాతాల్లో పెద్దది ఆయనదే. ఆయన బట్టీ ఆరితే మన పొయ్యి కూడా ఆరినట్టే. "ఏమండీ, నిప్పు లేనిదే పొగ రాదంటారు. మీ కట్టెలకి పొగే గానీ నిప్పు రావట్లేదు" అన్నాడు, నవ్వుతూనే. మీ అన్నయ్య కాటా మీంచి తలెత్తకుండా, "కాస్త తడి ఉందని పంపేటప్పుడే చెప్పాను. వద్దనుకుంటే వెనక్కి పంపాల్సింది" అన్నారు. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

బస్టాండు వెనక చంటిపాపతో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి ఫోను చేసి, "రేపు పొద్దున్నకి కట్టెలు వస్తాయా అండీ?" అని అడిగింది. "రావు" అని పెట్టేశారు. ఎప్పుడొస్తాయో చెప్పొచ్చు కదా అని నేనంటే, "తను రేపటి సంగతే అడిగింది" అన్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు లారీవాళ్ళ ఖాతా.

ఇక పని సంగతి. ఫ్రిజ్జులూ వాషింగ్ మెషీన్లూ అమ్మే కంపెనీలో నువ్వు పొద్దస్తమానం ఫిర్యాదులు వింటావు కదా. తిట్టడానికి ఫోను చేసినవాళ్ళు కూడా చివరికి థాంక్స్ చెప్పి పెట్టేస్తారని అన్నావు. ఆ మంత్రమేదో మాకూ చెప్పు. ఫోనులోనే అడిగేదాన్ని. ఆఫీసు అయ్యాక ఫోను చూస్తేనే ఒళ్ళు మండుతుందన్నావుగా, అందుకని ఉత్తరం.

నీ వదిన

మీ అన్నయ్యని ఏమైనా రాయమంటారా అని అడిగాను. "బాగున్నామని రాయి" అన్నారు. పైన రాసేశాను.


ఆగస్టు 25

వదినా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అన్నం తింటూ చదివాను. "తను రేపటి సంగతే అడిగింది" దగ్గర పొలమారింది. పక్క సీటు అమ్మాయి వీపు మీద చరిచి, ఎవరు పోయారని అడిగింది.

అన్నయ్యని మార్చడం మన తరం కాదు. చిన్నప్పుడు నేను బొమ్మ గీసి ఎలా ఉందని అడిగితే, "ఇది గుర్రమా, మంచమా?" అన్నాడు. అయినా మందు లేని జబ్బు కాదిది. ఎవరి గొంతు మెత్తగా ఉంటే వాళ్ళనే మాట్లాడనివ్వాలని మాకు మొదటిరోజే నేర్పారు. కాటా పక్క కుర్చీలో నువ్వు కూర్చో. అన్నయ్యని వెనక షెడ్డులో గొడ్డలి దగ్గరికి పంపు. గొడ్డలి ఏమీ అనుకోదు.

మా ఆఫీసు గదికి కిటికీలు లేవు. పావురాల గూళ్ళలాంటి చెక్క అరల్లో, చెవులకి ఫోను తొడుగులు పెట్టుకుని వరసగా కూర్చుంటాం. ఎదురుగా గోడ మీద ఇంతలేసి అక్షరాలతో "లేదు అనే మాట మన దగ్గర లేదు" అని రాసి ఉంటుంది. అందులోనే రెండు "లేదు"లు ఉన్నాయని ఇంతవరకూ ఎవరూ గమనించినట్టు లేదు. కిటుకు మాత్రం అదే. ఎవరేమడిగినా ముందు "తప్పకుండా" అనాలి. ఆ మాట వినగానే అవతలి మనిషి ఊపిరి వదలడం మనకి వినపడుతుంది. మిగతాది తర్వాత చూసుకోవచ్చు. కోపంగా ఉంటే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనాలి. సరుకు బాగాలేదంటే, ఎందుకు బాగాలేదని వాదనకి దిగకుండా మార్చి ఇచ్చేయాలి.

ఇంకోటి. వానలు పడ్డాక అందరూ ఒక్కసారి మీద పడతారు కదా, ఇప్పటినుంచే బుకింగులు తీసుకో. మన దగ్గర పేరు రాయించుకున్నవాడు లారీవాళ్ళ వైపు చూడడు.

గోడ మీద వాక్యం నీక్కూడా పంపుతున్నాను. కాటా పైన అతికించుకో. అన్నయ్య చూసి ఏమన్నాడో తప్పకుండా రాయి.

మీ చిట్టి


సెప్టెంబరు 14

చిట్టీ,

నీ చేతిలో ఏదో మహిమ ఉంది. కుర్చీలో కూర్చుని ఇంకా నెల నిండలేదు, కొత్త కాపురం అమ్మాయి వెనక్కొచ్చింది. తనతో పాటు పక్కవాటా వాళ్ళనీ తీసుకొచ్చింది. రొట్టెలాయనకి చలికాలమంతా ఎండుకట్టె మనదే. "తప్పకుండా సార్" అన్నాను. నిజమేనే, ఊపిరి వదలడం వినపడింది. ఆ మాట అంటుంటే నాక్కూడా ఏదో పుణ్యం చేసుకుంటున్నట్టే ఉంటోంది.

షెడ్డులో ఉన్న ఎండుకట్టె ఇన్ని బుకింగులకి చాలదు. ఎండలుండగానే లోడు పంపిస్తానని దుంగల కాంట్రాక్టరు మాటిచ్చాడు. ముందు దాన్ని చీల్చి ఆరబెట్టేస్తే గండం గట్టెక్కినట్టే.

పై వీధి చివర పిల్లులావిడ నీకు గుర్తుండే ఉంటుంది. ఎటు చూసినా పిల్లులు, ఆవిడొక్కతే. కట్టెలు తడిగా ఉన్నాయని ఫోను చేసింది. మీ అన్నయ్య అయితే "ఎండువి, ఖణేల్మనేవి పంపాను" అని వాదన వేసుకునేవారు. నేను నువ్వు చెప్పినట్టు చింతిస్తున్నామని చెప్పి, వేరే కట్టెలు పంపేశాను. వారం తిరక్కుండా మళ్ళీ తడిగా ఉన్నాయని ఫోను. అవీ ఎండువే, నేనే చేత్తో ఏరి పెట్టాను. ఇలాంటివాళ్ళని మీ ఆఫీసులో ఏం చేస్తారు?

మీ అన్నయ్యకి మాట మాన్పించేశాను. ఆయనా ఎదురు చెప్పలేదు. పొద్దున్నే షెడ్డు వెనక్కి వెళ్ళిపోతారు, చీకటి పడ్డాక వస్తారు. ఇంట్లో కూడా మాటల్లేవు. చాలా ఏళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉంది.

కాగితం అతికించాను. చూసి ఏమీ అనలేదు. వెళ్ళిపోతూ దాని మీద చేత్తో కొంచెం నొక్కారు, ఓ మూల లేచిపోతోందని.

నీ వదిన


సెప్టెంబరు 22

వదినా,

ఇదేంటి వదినా, ఇంత చల్లగా రాశావు? మాటల్లేకుండా ఎన్నాళ్ళయింది? షెడ్డు వెనకే ఉంటున్నాడంటే అన్నం అక్కడే తింటున్నాడా? "ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్న ముక్క చదివి, ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను. మా పై అధికారిణి కూడా విడాకులకి ముందు ఇదే మాట అంది.

కట్టెలమ్ముకోవడానికి సలహా ఇచ్చాను గానీ కాపురంలో నిప్పులు పోసుకోమనలేదు. వాడికి నోరు తిన్నగా లేదుగానీ మనసులో ఏమీ ఉండదు. నీకు తెలియనిది కాదు. ఒక్క మాట నువ్వే తగ్గి పలకరించు. అన్నయ్యకి వేరే ఉత్తరం రాశాను, గట్టిగానే రాశాను. అవసరమైతే సెలవు పెట్టి వస్తాను.

పిల్లులావిడ సంగతి. ఒకే మనిషి మాటిమాటికీ ఫిర్యాదు చేస్తే మాకో వాక్యం ఉంది: "మీ అవసరాలకి మా సేవలు సరిపోవడం లేదనిపిస్తోంది, దయచేసి వేరే చోట ప్రయత్నించండి." ఎవరినీ నొప్పించదు. అడిగేవాళ్ళకి చెప్పేవాళ్ళు లోకువ అని ఊరికే అనలేదు. అందరినీ నెత్తిన పెట్టుకుంటే మెడ విరుగుతుంది.

వెంటనే రాయి.

మీ చిట్టి


అక్టోబరు 9

చిట్టీ,

నీ తొందర పాడుగాను. నేను మాన్పించింది గేటు దగ్గర ఖాతాదార్లతో మాట్లాడటమే తల్లీ. ఇంట్లో ఆయన ఎప్పుడు మాట్లాడారు గనక? పెళ్ళయిన కొత్తలో నేను చీర మార్చుకుని వచ్చి నిలబడితే, "లోపల లైటు ఆర్పలేదు" అన్నారు. నేను రాసింది నవ్వులాటకి. నువ్వు దానికి విడాకులదాకా దారి వేశావు.

కానీ నువ్వు ఆయనకి రాసిన ఉత్తరంతో నిజంగానే చిక్కొచ్చింది. అన్నం ముందు కూర్చుని ఆ కాగితం తీసి నా పళ్ళెం పక్కన పెట్టి, "నేను నిన్నేమన్నాను?" అని అడిగారు. నేనేమీ రాయలేదని చెప్పాను. "రాయనిదే అది ఇంత రాస్తుందా?" అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నట్టు. ఆనాటి నుంచి మాత్రం నిజంగానే మాటల్లేవు. ఈసారి ప్రశాంతంగా లేదు.

పిల్లులావిడకి నీ వాక్యం అప్పజెప్పాను. ఒక్కసారైనా ఎదురు తిరుగుతుందనుకున్నాను. "అలాగేనమ్మా" అని పెట్టేసింది. నాకెందుకో ముల్లు విరిగి లోపలే ఉండిపోయినట్టుంది.

దుంగల లోడు ఇంకా రాలేదు. ఎండలు పలచబడుతున్నాయి. కాంట్రాక్టరు రోజూ "బయల్దేరింది" అంటున్నాడు. బుకింగు ఇచ్చినవాళ్ళు రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?

నీ వదిన


అక్టోబరు 17

వదినా,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నయ్యకి క్షమాపణ రాశాను. దాన్ని మాత్రం నువ్వు అడ్డం పడి చదవకు.

లోడు గురించి అడిగేవాళ్ళకి "రెండు రోజుల్లో" అని చెప్పు. ఆ రెండు రోజులు అయ్యాక మళ్ళీ "రెండు రోజుల్లో" అను. లేదని మాత్రం అనకు, అన్నావంటే వెళ్ళిపోతారు. మేమందరం చేసేది అదే. ఈ నెల మా గదిలో మంచి గొంతు బహుమతి నాకే ఇచ్చారు. గాజు పలక, మీద నా పేరు కూడా చెక్కారు.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

చిట్టి


నవంబరు 24

చిట్టీ,

వాన పట్టి వారమైంది. దుంగల లోడు ఆ వానలోనే వచ్చింది. గేటు తీసి చూస్తే దుంగల మొదళ్ళ నుంచి ఇంకా రసం కారుతోంది. బెరడు మీద చిగుళ్ళు కూడా వాడలేదు. మీ అన్నయ్య గోటితో గిల్లి చూసి, నా వైపు చూశారు. "ఏమైనా అనండి" అన్నాను. "మాట్లాడొద్దంది నువ్వేగా" అన్నారు.

షెడ్డులో ఉన్న ఎండుకట్టె ఇళ్ళకి ఇస్తే బట్టీకి లేదు, బట్టీకి ఇస్తే ఇళ్ళకి లేదు. అందరికీ "తప్పకుండా" అని చెప్పింది నేనే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నేను నిలబడ్డచోట పక్కల కూడా గోతులే. ఫోనులో చెప్పేద్దామని నంబరు కలిపి, రింగు వినపడేలోపు పెట్టేశాను. మొహం చూసి చెప్పాల్సిన మాట అది. కట్టెలు చేరవేసే మన ట్రాలీ బండి అతని పక్కన కూర్చుని బయల్దేరాను.

ముందు బట్టీకి వెళ్ళాను. ఆయన పిండి పిసికే బల్ల దగ్గర ఉన్నాడు, కనురెప్పల మీద కూడా పిండే. చెప్పాను. చేతులు తుడుచుకుని, కోపంగా కూడా కాదు, ఇలా అన్నాడు:

"అమ్మా, మీ ఆయన నోరు కటువే. ఆయన దగ్గరికి రావాలంటే ఇంట్లో ఒకసారి మాటలు కూడబలుక్కుని వచ్చేవాణ్ణి. కానీ ఆయన లేదంటే లేదు. వెంటనే ఇంకోచోట చూసుకునేవాణ్ణి. మీరు 'తప్పకుండా సార్' అన్నారు. నేను నిశ్చింతగా కూర్చున్నాను. నిన్న అనుమానమొచ్చి లారీవాళ్ళని అడిగితే, వాళ్ళ దగ్గరా ఎండువి అయిపోయాయి. ముందే లేదని చెప్పుంటే నాకీ గతి పట్టేదా?"

అలవాటైన మాట నా నోటికొచ్చేసింది. "మీకు కలిగిన అసౌకర్యానికి..."

"ఆ మాట పొయ్యిలో పెడితే మండుతుందా?" అని అడిగాడు.

ఇళ్ళకి వెళ్ళాను. కొందరు తిట్టారు, కొందరు తలుపు సగమే తీశారు. కొత్త కాపురం అమ్మాయి పాపని భుజాన వేసుకుని విని, "అయితే మేం రేపట్నుంచి అత్తగారింట్లో ఉంటాం. ఇది పోయిన వారం చెప్పి ఉంటే పాపకి జలుబు చేసేది కాదు ఆంటీ" అంది. తిట్టినవాళ్ళే నయం.

వచ్చే దారిలో పై వీధి తగిలింది. బండి ఆపమన్నాను. పిల్లులావిడ గేటు పక్కన మన కట్టెలు కుప్పగా ఉన్నాయి. నేను చేత్తో ఏరి పంపినవి. వానకి నానిపోయి, కింద పేళ్ళకి బూజు పట్టింది. లోపల పొయ్యిలో కుర్చీ కాలు ఒకటి మండుతోంది. మిగతా కుర్చీ గోడకి చేరేసి ఉంది.

"బయట కట్టెలున్నాయి కదమ్మా?" అన్నాను.

"ఉన్నాయి. మీ బండి అతను దింపినచోటే ఉన్నాయి. ఈ వయసులో చేతికి ఒకటీ రెండూ చొప్పునే తెచ్చుకుంటాను. ఇవి మోసేలోపు అవి మంచుకో జల్లుకో తడుస్తాయి."

"తడివి పంపామని ఫోను చేశారు కదా మీరు?"

"తడిగా ఉన్నాయని చేశాను. తడివి పంపారని అనలేదమ్మా."

"లోపల పేర్చి వెళ్ళమని అడగొచ్చు కదా?"

"అదే అడుగుదామని మొదలుపెడితే, చింతిస్తున్నామని వేరేవి పంపారు. అవీ అక్కడే దింపారు. తర్వాత నా అవసరాలకి మీరు సరిపోరని చెప్పారు. నిజమేనేమో అనుకున్నాను."

ఇన్నేళ్ళూ మీ అన్నయ్య ఆవిడతో "ఖణేల్మనేవి పంపాను" అని వాదించారు. నేనేమో చింతించాను. తడి ఎక్కడినుంచి వస్తోందని ఇద్దరిలో ఒక్కరమైనా అడగలేదు. నేనూ బండి అతనూ కలిసి కుప్పంతా లోపలికి మోసి గోడవారగా పేర్చాం. పైవి ఫరవాలేదు, మండుతాయి. ఒక పిల్లి నా చీర మీద పడుకుని లేవనంటే లేవనంది.

చిట్టీ, ఒకటి చెప్పనా? "తప్పకుండా" అన్న మాట మీ ఆఫీసులో చెల్లుతుందేమో. అక్కడ ఫోను పెట్టేస్తే అయిపోయింది. ఇక్కడ ఆ మాట మర్నాడు గేటు ముందుకొచ్చి నిలబడుతుంది. నీ మంత్రం నాకు పట్టలేదు.

నీ వదిన


డిసెంబరు 16

చిట్టీ,

నా ఉత్తరం చేరిందా? చేరే ఉంటుంది. నీ మీద కోపంతో రాశాననుకున్నావేమో. ఆ రోజు తడిసిపోయి వచ్చి, తల కూడా తుడుచుకోకుండా రాశాను. కోపం నా మీదే. పక్కన నువ్వున్నావు కాబట్టి నీకూ తగిలింది. అడిగింది నేను, ఆచరించింది నేను.

ఇక్కడి సంగతులు రాస్తే జవాబిస్తావేమోనని రాస్తున్నాను.

ఆ ఉత్తరం రాసిన మర్నాడు పొద్దున్న మీ అన్నయ్య చొక్కా వేసుకుని, "బట్టీకి వెళ్దాం రా" అన్నారు. దుంగల దగ్గర అన్న ఆ ఎత్తిపొడుపు తప్పిస్తే, అన్నాళ్ళకి నాతో అన్న మొదటి మాట అది. అక్కడికెళ్ళి గుమ్మంలోనే నిలబడి, "ఎండువి సగమే ఇస్తాను. మిగతా సగం ఇళ్ళకి" అన్నారు. రొట్టెలాయన, "సగంతో ఒక పూట రొట్టెలే అవుతాయి" అన్నాడు. "ఒక పూటే చెయ్యి" అన్నారు. నేను తల పట్టుకున్నాను.

అప్పుడు మీ అన్నయ్య లోపలికి వెళ్ళి బట్టీ కప్పు మీద చెయ్యి పెట్టి చూశారు. రొట్టెలు తీసేశాక కూడా అది చాలాసేపు వేడిగా ఉంటుందట. "పచ్చివి సన్నగా చీల్చి పంపితే దీని మీద పేర్చుకుంటావా?" అని అడిగారు. రొట్టెలాయన కూడా చెయ్యి పెట్టి చూశాడు. "మా నాన్న చేసేవాడు. నేనే మర్చిపోయాను. కానీ అంత సన్నగా ఎవరు చీలుస్తారు?" అన్నాడు. "నేను" అన్నారు మీ అన్నయ్య. ఇద్దరూ ఆ కప్పు మీద చేతులు పెట్టుకునే కాసేపు నిలబడ్డారు. చలిగా ఉంది మరి.

ఇప్పుడు బట్టీ ఒక పూటే నడుస్తోంది. కప్పు మీదవి ఆరుతున్నాయి, పొగ కొంచెం ఉందిట గానీ నిప్పు కూడా ఉందిట. సాయంత్రం రొట్టెలకి అలవాటుపడ్డవాళ్ళు మమ్మల్ని తిడుతున్నారు. ఇద్దరు ఖాతాదార్లు వచ్చే లోడుకి లారీవాళ్ళ దగ్గర పేరు రాయించుకున్నారు, ఇక రారు. కొత్త కాపురం అమ్మాయి ఇంకా రాలేదు. పిల్లులావిడకి ఇకమీదట బండి అతను లోపల పేర్చి వస్తాడు. ఇంకెవరికైనా అలా కావాలేమో అడుగుదామన్నాను నేను. అడిగితే ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు కావాలన్నారు. లారీవాళ్ళ ఇస్త్రీ చొక్కా మనిషి "ఎక్కడ దింపమంటారు" అని అడుగుతాడే గానీ, గేటు దాటి లోపలికి రాడట.

కాటా మీది కాగితం తీసేసి, గేటుకి నల్లపలక కట్టాం. మీ అన్నయ్యే రాశారు: "ఎండుకట్టె లేదు. పచ్చికట్టె ఉంది. ఎండుకట్టె ఎప్పుడో తెలియదు. తెలిస్తే రాస్తాం." మరీ ఇలాగా అని నేను "దయచేసి" చేర్చబోయాను. ఎక్కడ పెట్టాలో తెలియక చివర్లో పెట్టాను. "తెలిస్తే రాస్తాం దయచేసి" అని ఉంది ఇప్పుడు. చదివినవాళ్ళందరూ నవ్వుకుంటూ లోపలికొస్తున్నారు.

ఒక్క ముక్క రాయి. కోపంగా ఉన్నానని రాసినా సరే.

నీ వదిన


డిసెంబరు 29

వదినా,

కోపంగానే ఉన్నాను. నవంబరులో నువ్వు రాసిన ఉత్తరం చదివి మడిచి డబ్బాలో పడేశాను. ఊరుకోక అడిగింది వాళ్ళు, తీరా తప్పు నాదా అనుకున్నాను. గాజు పలక ఇంట్లో కిటికీలో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది మొదటి వారం.

రెండో వారంలో ఒకాయన ఫోను చేశాడు. ఫ్రిజ్జు పాడైంది, బాగుచేసే మనిషి ఎప్పుడొస్తాడని అడిగాడు. "ఇవాళ సాయంత్రంలోపు తప్పకుండా సార్" అన్నాను. మర్నాడు మళ్ళీ ఆయన ఫోను నాకే వచ్చింది. గొంతు గుర్తుపట్టాను. మళ్ళీ అదే చెప్పాను. ఆ తర్వాత ఇంకోసారి. అప్పటికి ఆయన అరవడం మానేశాడు.

"అమ్మా, మిమ్మల్ని తిట్టను. ఒక్కటే చెప్పండి, వస్తారా రారా? మా అమ్మ ఇంజక్షన్లు అందులో పెట్టాలి. రారంటే పక్కింట్లో పెట్టుకుంటాను. వస్తారంటున్నారు కదా అని నేను ఐసు తెచ్చుకుంటూ ఇంట్లోనే కూర్చుంటున్నాను."

ఎదురుగా గోడ మీది అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. నాకు మాత్రం నువ్వు రాసిన రొట్టెలాయన పిండి మొహం కనిపించింది, ఆయన్ని నేనెప్పుడూ చూడకపోయినా. "రారండీ. ఈ వారం ఎవరూ రారు. మీ ప్రాంతానికి మనిషే లేడు" అని చెప్పాను. ఆయన పక్కింటివాళ్ళని కేకేయడం వినపడింది. తర్వాత "థాంక్స్ అమ్మా" అన్నాడు. ఈ ఉద్యోగంలో చాలా థాంక్సులు విన్నాను. అది వాటిలో చేరేది కాదు.

మా పై అధికారిణి ఆ సంభాషణ వింటూనే ఉంది. మర్నాడు పిలిచి, "నీ గొంతు బాగుంది గానీ మాట బాగాలేదు" అంది. తీసెయ్యలేదు. తిరిగొచ్చిన మెషీన్లు పెట్టే గోడౌనుకి పంపింది. ఏ మెషీను ఎందుకు వెనక్కొచ్చిందో చూసి రాసుకోవడమే పని. చెవులకి తొడుగుల్లేవు. కిటికీ ఉంది. జీతం తగ్గింది, ఏడుపు కూడా వచ్చింది, అదీ రాస్తున్నాను. కానీ మొన్న సాయంత్రం ఇంటికొచ్చాక మా స్నేహితురాలికి నేనే ఫోను చేశాను.

"తెలిస్తే రాస్తాం దయచేసి" చదివాక కోపం ఎక్కడుందో వెతికినా దొరకలేదు. అన్నయ్య గొడ్డలి చప్పుడు వినాలనిపిస్తోంది. వచ్చే నెలలో వీలుంటే ఓసారి వస్తాను. చూడాలి.

చిట్టి


జనవరి 8

చెల్లీ,

వదిన రాయమంటే రాస్తున్నది కాదు. నేనే రాస్తున్నాను.

ఉద్యోగం విషయం వదిన చదివి వినిపించింది. నువ్వు చేసింది సరిగానే ఉంది. జీతం తగ్గడం మాత్రం బాగాలేదు. రెండూ నిజమే.

రొట్టెలాయన రెండో పూట మొదలుపెట్టాడు. దుంగలు ఇంకా చీలుస్తున్నాను. భుజం నొప్పిగా ఉంది.

నీ ఉత్తరంలో "వీలుంటే వస్తాను, చూడాలి" అని ఉంది. మీ వదిన ఆ ముక్క పట్టుకుని పై గది దులిపింది. పరుపు ఎండేసింది, ఎండ లేకపోయినా. సాయంత్రం బస్సు వచ్చే వేళకి ఏదో పని కల్పించుకుని గేటు దగ్గరే ఉంటోంది. నేను కూడా అక్కడే ఉంటున్నాను.

వచ్చేట్టయితే రా. రాలేకపోతే రాలేనని రాయి. నిన్నేమీ అనుకోం. చూడాలి అని మాత్రం రాయకు.

అన్నయ్య


జనవరి 17

అన్నయ్యా,

రాలేను.

ఈ ఒక్క మాట రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. ప్రతిసారీ దాని వెనకే ఒక "కానీ" వచ్చి కూర్చుంటోంది. గోడౌనులో చేరి ఎన్నాళ్ళో కాలేదు, సెలవు అడిగాను, కుదరదన్నారు. వచ్చే నెల కూడా కుదరదు. ఆ పై నెలా కుదరదు.

ఎండలు ముదిరాక, నువ్వు వచ్చే చలికాలానికి దుంగలు చీల్చి ఆరబెట్టే రోజుల్లో వస్తాను. సెలవు కాగితం ఇవాళే ఇచ్చాను, సంతకం కూడా అయింది.

భుజానికి కాపడం పెట్టించుకో. వదినకి చెప్పు, పరుపు మడిచి లోపల పెట్టెయ్యమని. సాయంత్రం బస్సు వేళకి ఇద్దరూ గేటు దగ్గర నిలబడకండి. చలిగా ఉంటుంది. లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోండి.

చిట్టి